ఫార్వర్డ్ కంట్రోల్ ఎక్స్‌టెన్షన్ కిట్ ఎంచుకోవడం: కాళ్లు చాపుకునే ముందు బ్రేక్ సంగతి చూడండి

క్రూజర్ బైక్ మీద గంటల తరబడి వెళ్లే పొడగరులకు మోకాళ్ల నొప్పి బాగా తెలిసిన బాధ. ఫుట్‌రెస్ట్ దగ్గరగా ఉంటే మోకాలు మరీ మడత పడుతుంది, తుంటి పట్టేస్తుంది, బండి దిగాక రెండు నిమిషాలు నడక కుదురుకోదు. అందుకే ఫుట్‌రెస్టు, బ్రేక్ పెడల్, గేర్ లీవర్‌లను (ఈ మూడింటినీ కలిపి కంట్రోల్స్ అంటారు) ముందుకు జరిపే కిట్లకు ఇంత గిరాకీ. హార్లీ డేవిడ్‌సన్ బండ్లకు వీటిని చేసే కంపెనీలు అమెరికాలో చాలా ఉన్నాయి. మన దగ్గర రాయల్ ఎన్‌ఫీల్డ్ మెటియోర్, సూపర్ మెటియోర్, బజాజ్ అవెంజర్ లాంటి వాటికి కూడా ఇలాంటి ప్లేట్లు చేసి అమ్మేవాళ్లు ఉన్నారు.

కొనేవాళ్లలో ఎక్కువ మంది ముందుగా చూసేది రూపం, తర్వాత ధర, ఆ తర్వాత ఎన్ని అంగుళాలు ముందుకు వెళ్తుందన్నది. నా దృష్టిలో ఈ వరస తలకిందులుగా ఉంది. మొదట చూడాల్సింది కుడి పాదం. కిట్ బిగించాక ఆ పాదం వెనక బ్రేక్‌ను పూర్తి బలంతో నొక్కగలదా, అలా నొక్కేటప్పుడు నడుము సీటు మీద కదలకుండా ఉంటుందా అన్నది తేల్చుకోండి. దానికి అవునని సమాధానం వచ్చిన కిట్లలోంచే మిగతావన్నీ చూసుకోవాలి.

అసలు మీకు ఏ రకం కావాలి

ఒకే పేరుతో నాలుగు వేర్వేరు సరుకులు అమ్ముతున్నారు. ఇది తెలియక చాలా డబ్బు వృథా అవుతుంది.

మొదటిది పూర్తి మార్పిడి కిట్. కాళ్ల కిందే ఉన్న కంట్రోల్స్ తీసేసి కొత్తవి ముందు పెడతారు. హార్లీ స్పోర్ట్‌స్టర్ కుటుంబంలో ఐరన్ 883కి కంట్రోల్స్ కాళ్ల కింద ఉండేవి, ఫార్టీ ఎయిట్‌కు కంపెనీ నుంచే ముందు ఉండేవి. ఐరన్ ఉన్నవాళ్లు ఫార్టీ ఎయిట్ కూర్చునే తీరు కావాలనుకుంటే ఈ రకం కొంటారు. రెండోది అసలైన ఎక్స్‌టెన్షన్ కిట్. ఇప్పటికే ముందున్న కంట్రోల్స్‌కూ ఫ్రేమ్‌కూ మధ్య ఒక బ్రాకెట్ వేసి మరో రెండు మూడు అంగుళాలు జరుపుతుంది. దాంతోపాటు పొడవైన గేర్ రాడ్డు, పొడవైన బ్రేక్ రాడ్డు లేదా బ్రేక్ హోస్ (బ్రేక్ ఆయిల్ వెళ్లే గొట్టం) ఇస్తారు. మూడోది ఫుట్‌రెస్ట్‌ను మాత్రమే కొంచెం జరిపే ఆఫ్‌సెట్ మౌంట్. పెడల్, లీవర్ ఉన్నచోటే ఉంటాయి కాబట్టి ఇది అంగుళం దాటితే పాదానికీ పెడల్‌కూ పొత్తు కుదరదు. నాలుగోది హైవే పెగ్స్. లెగ్ గార్డుకు క్లాంపుతో బిగించే అదనపు ఫుట్‌రెస్టులు.

రోజూ ఊళ్లో తిరుగుతూ, నెలకోసారి విజయవాడ హైవే ఎక్కినప్పుడే కాళ్లు చాపుకోవాలనిపించే మనిషికి నాలుగోది చాలు. ధర తక్కువ, బ్రేక్ జోలికి వెళ్లదు, గంటలో బిగించవచ్చు. కొనేముందు లెగ్ గార్డు పైపు మందం వెర్నియర్‌తో కొలవండి. 25 మి.మీ. పైపుకు చేసిన క్లాంపు 32 మి.మీ. పైపుకు పట్టదు, పెద్దది తెచ్చి చిన్నదానికి రబ్బరు ముక్క కూరితే దారిలో తిరిగిపోతుంది. ఒక హెచ్చరిక: హైవే పెగ్ మీద కాలు ఉన్నంతసేపూ బ్రేక్ మీద కాలు లేనట్టే. ట్రాఫిక్‌లో అసలు వాడకండి.

కొన్ని బండ్లకు కంపెనీయే ఏర్పాటు ఇస్తుంది. కవాసకి వల్కన్ ఎస్‌లో ఫుట్‌రెస్టులను మూడు స్థానాల్లో పెట్టుకోవచ్చు, నడిమి స్థానం నుంచి ముందుకో వెనక్కో 25 మి.మీ. ఇండియన్ స్కౌట్‌కు కూడా పొడగరులకు, పొట్టివాళ్లకు వేర్వేరు అమరికలను కంపెనీ అమ్ముతుంది. మీ బండికి అలాంటిది ఉందేమో షోరూమ్‌లో అడిగాకే బయటి కిట్ వైపు చూడండి.

కొలత: కిట్ కొనకముందే కూర్చుని చూడాలి

దీనికి ఒక సాయంత్రం కేటాయించండి. ఖర్చేమీ లేదు, తేలే సంగతులు మాత్రం చాలా ఉన్నాయి.

బండిని సైడ్ స్టాండ్ మీద కాకుండా నిటారుగా నిలబెట్టాలి. ప్యాడాక్ స్టాండ్ (వెనక చక్రాన్ని ఎత్తి బండిని నిటారుగా నిలిపే స్టాండు) ఉంటే మంచిది, లేకపోతే ఒకరు వెనక నుంచి గట్టిగా పట్టుకోవాలి. రైడింగ్‌లో వేసుకునే బూట్లే వేసుకోండి. చెప్పులతో కొలిచిన కొలత పనికిరాదు, బూటు మడమ ఒక్కటే రెండు మూడు సెంటీమీటర్లు ఉంటుంది. ఇప్పుడున్న ఫుట్‌రెస్ట్ మధ్య బిందువు నుంచి నేలకు ఎత్తు, సీటులో మీరు కూర్చునే చోటు నుంచి దూరం రాసుకోండి.

తర్వాత ఇటుకలు, చెక్క దిమ్మెలు పేర్చి ఫుట్‌రెస్ట్ ఎత్తుకు తెండి. 25 మి.మీ. చొప్పున ముందుకు జరుపుతూ ప్రతిచోటా ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోండి. కాలు ఎక్కడ హాయిగా ఉందో కూర్చోగానే తెలియదు, మూడో నిమిషానికి తెలుస్తుంది. మోకాలు పూర్తిగా చాపుకుని బిగుసుకుపోతే అది ఎక్కువ. కొంచెం వంపు మిగలాలి, ఎందుకంటే పెడల్ నొక్కడానికి ఇంకా కొన్ని సెంటీమీటర్లు కాలు సాగాలి. ఆ సాగే జాగా లేకపోతే బ్రేక్ వేసిన ప్రతిసారీ నడుము ముందుకు జారుతుంది.

ఆ స్థానంలో ఉండగానే హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి. కాళ్లు ముందుకు, చేతులు ముందుకు, నడుము వెనక్కి పోతే వీపు విల్లులా వంగుతుంది. మోకాలి నొప్పి తగ్గించుకోబోయి నడుం నొప్పి తెచ్చుకునేది ఇక్కడే. హ్యాండిల్‌ను వెనక్కి తెచ్చే రైజర్ కూడా కావాలని తేలితే దానికి క్లచ్ కేబుల్, బ్రేక్ హోస్ పొడవు చాలుతుందో లేదో ఇప్పుడే చూసుకోండి. కిట్ ధరకు ఆ ఖర్చు కలిపితేనే అసలు బడ్జెట్ తెలుస్తుంది.

ఇంకొకటి. కాళ్లు ముందుకు వెళ్లేకొద్దీ ఒంటి బరువంతా తోక ఎముక మీదికి వస్తుంది. కాళ్లు కింద ఉన్నప్పుడు స్పీడ్ బ్రేకర్ రాగానే కాస్త లేచి దెబ్బ తప్పించుకుంటాం. ముందుకు చాపిన కాళ్లతో అది సాధ్యం కాదు. ఊరికి రెండేసి స్పీడ్ బ్రేకర్లున్న రోడ్ల మీద రోజూ తిరిగేవాళ్లు దీన్ని చిన్న విషయంగా తీసుకోవద్దు. మీ బాధ తీర్చే కొలతల్లో అన్నిటికన్నా చిన్నదాన్ని ఎంచుకోండి. 50 మి.మీ. చాలితే 75 వద్దు. సీటు ఫోమ్ మందంగా వేయిస్తేనే మోకాలికి చాలినంత జాగా వస్తే కిట్టే వద్దు.

మోడల్, సంవత్సరం

మోడల్ పేరు ఒకటే కదా అని ఆర్డర్ పెట్టకండి. స్పోర్ట్‌స్టర్‌కు 2004లో ఫ్రేమ్ మారింది, ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీదికి వచ్చింది. 2014లో బ్రేకులు, ఎలక్ట్రికల్స్ మారాయి. హార్లీలోనే మరో వరస అయిన డైనాకు 2006లో కొత్త ఫ్రేమ్ వచ్చింది, 2017తో ఆ వరస ఆగిపోయింది. ఇంకో హార్లీ వరస సాఫ్ట్‌టెయిల్‌కు 2018లో ఫ్రేమే పూర్తిగా కొత్తది. కాబట్టి అమ్మేవాళ్లకు మోడల్, తయారీ సంవత్సరం, ఏబీఎస్ ఉందా లేదా, ఏ సైలెన్సర్ వేసి ఉంది, లెగ్ గార్డు ఉందా అనే ఐదూ రాసి పంపి, సరిపోతుందని రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. తయారీ సంవత్సరం ఆర్‌సీలో ఉంటుంది. రిజిస్ట్రేషన్ సంవత్సరాన్ని చూసి పొరబడే అవకాశం ఉంది.

అమెరికా నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసులో తెప్పించుకునేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. తప్పు కిట్ వస్తే వెనక్కి పంపే దారి ఉండదు. బిల్లు తప్పకుండా పెట్టించండి. అక్కడి కిట్లలో బోల్టులు అంగుళాల కొలతలో ఉంటాయి. ఒక్క బోల్టు పోయినా ఇక్కడ వీధి చివరి షాపులో దొరకదు, అందుకని ఒక సెట్టు అదనంగా అడగండి.

బ్రేక్: ఇక్కడ రాజీ పడకూడదు

వెనక బ్రేక్ పెడల్ ఒక లీవర్. ఇరుసు నుంచి పాదం పెట్టే చోటుకు 150 మి.మీ., ఇరుసు నుంచి రాడ్డు తగిలించే చోటుకు 30 మి.మీ. ఉందనుకోండి. మీ కాలి బలం ఐదింతలై మాస్టర్ సిలిండర్‌కు (బ్రేక్ ఆయిల్‌ను చక్రం వైపు నెట్టే చిన్న సిలిండర్) చేరుతుంది. కిట్‌లో ఇచ్చిన కొత్త పెడల్ అందం కోసం 120 మి.మీ.కి కుదించి ఉంటే అది నాలుగింతలే. అంటే అదే బ్రేక్ పడాలంటే కాలు పాతిక శాతం ఎక్కువ బలంతో నొక్కాలి. అదీ మడమకు ఆధారం లేకుండా గాల్లో చాచిన కాలితో. అందుకే పాత పెడల్‌ను అలాగే వాడుకునే కిట్టే నాకు నచ్చుతుంది. కొత్త పెడల్ ఇస్తే ఈ రెండు కొలతలూ అడిగి, స్కేలుతో పాతదాన్ని కొలిచి పోల్చండి. చెప్పలేని అమ్మకందారు దగ్గర కొనకండి.

పొడవైన రాడ్డు ఇచ్చే కిట్లలో ఆ రాడ్డు ఎంత లావుందో చూడండి. ఇంజిన్ ఆపి పెడల్‌ను గట్టిగా తొక్కి పట్టుకుని పక్కనుంచి చూస్తే, సన్నని రాడ్డు మధ్యలో వంగడం కంటికి కనిపిస్తుంది. వంగే రాడ్డు ఉన్న కిట్‌ను తిప్పి పంపాల్సిందే. రాడ్డు చివర్లలో మర ఎంత లోపలికి వెళ్లిందో కూడా ముఖ్యం. 8 మి.మీ. మర అయితే కనీసం 12 మి.మీ. లోపలికి పోవాలి. పొడవు చాలక రెండు మూడు చుట్ల మీద నిలబడిన రాడ్డు మీ ప్రాణాన్ని మోస్తోందని గుర్తుంచుకోండి.

మాస్టర్ సిలిండర్ కూడా పెడల్‌తోపాటు ముందుకు వెళ్లే డిజైన్ అయితే పొడవైన హోస్ కావాలి. పాత హోస్‌ను లాగి అందించే పని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. బ్రేక్ ఆయిల్ రకం రిజర్వాయర్ మూత మీద రాసి ఉంటుంది. హార్లీ పాత మోడళ్లలో డాట్ 5 రకం, తర్వాతి వాటిలో డాట్ 4 రకం ఆయిల్ వాడారు. డాట్ 5 సిలికాన్ ఆయిల్, అది డాట్ 4తో కలవదు. రెండూ కలిపితే బ్రేక్ వ్యవస్థంతా విప్పి కడగాల్సి వస్తుంది. ఏబీఎస్ ఉన్న బండిలో లైను విప్పితే గాలి తీయడానికి కొన్ని మోడళ్లలో సర్వీస్ సెంటర్ పరికరం కావాలి. ఆ పని ఇంట్లో పెట్టుకోవద్దు.

బ్రేక్ లైటు స్విచ్ ఎక్కడుందో కూడా ముందే చూడండి. ఆయిల్ లైనులో ఉంటే చింత లేదు. పెడల్‌కు స్ప్రింగుతో కట్టి ఉంటే, పెడల్ ముందుకు వెళ్లాక ఆ స్ప్రింగు ఎలా అందుతుందో కిట్ సూచనల్లో ఉండాలి.

గేర్ వైపు

ఎడమ వైపు పని తేలిక, కానీ రోజూ చికాకు పెట్టేది ఇదే. గేర్ షాఫ్ట్ మీది చిన్న చేయికీ రాడ్డుకూ మధ్య కోణం సుమారు 90 డిగ్రీలు ఉండాలి. అది బాగా తప్పితే పై గేర్లు తేలిగ్గా పడి, కింది గేర్లకు పోరాడాల్సి వస్తుంది, లేదా గేరు పడినట్టే పడి న్యూట్రల్‌లో ఉండిపోతుంది. షాఫ్ట్ చుట్టూ ఉన్న పళ్ల మీద ఆ చేయిని ఒక పన్ను అటో ఇటో మార్చి, మిగతాది రాడ్డు పొడవుతో సరిచేసుకునే వీలున్న కిట్ తీసుకోండి. రాడ్డుకు ఒక చివర కుడి మర, మరో చివర ఎడమ మర ఉంటే విప్పకుండానే తిప్పి సర్దుకోవచ్చు. జాయింట్లను వేళ్లతో కదిపి చూడండి. కొత్తలోనే టకటకమంటుంటే వర్షాకాలం దాటేసరికి గేర్ లీవర్ అంగుళం ఊగుతుంది. మెటియోర్‌లో ఉన్నట్టు మడమతో కూడా నొక్కే లీవర్ అయితే, కిట్ వేశాక ఆ వెనక భాగం ఉంటుందా పోతుందా అని అడగండి.

బ్రాకెట్, బోల్టులు

75 మి.మీ. ముందుకు చాచిన బ్రాకెట్ చివర 80 కిలోల మనిషి ఒంటికాలి మీద బరువు వేస్తే, మూలంలో అదనంగా పడే మెలితిప్పు సుమారు 59 న్యూటన్ మీటర్లు. గుంతలో పడినప్పుడు ఇంకా ఎక్కువ. ఒకే బోల్టు మీద నిలబడే బ్రాకెట్ ఈ బలానికి మెల్లగా తిరిగిపోతుంది. రెండు బోల్టులుండాలి, లేదా తిరగకుండా ఆపే పిన్నో గాడో ఉండాలి.

లోహం విషయంలో, 6061-టీ6 అనే గట్టి రకం అల్యూమినియం దిమ్మె నుంచి మిల్లింగ్ చేసినదో, తగినంత మందమున్న స్టీలో తీసుకోండి. పోత పోసిన చౌక బ్రాకెట్లు వంగకుండా ఒక్కసారిగా విరుగుతాయి, ముందస్తు హెచ్చరిక ఉండదు. బోల్టు తల మీద దాని బలాన్ని చెప్పే 8.8 లేదా 10.9 అని గుర్తు ఉండాలి. అంగుళాల బోల్టులైతే తల మీద ఆరు గీతలుంటే గ్రేడ్ 8. గుర్తు లేని బోల్టులు వస్తే పడేసి మంచివి వేయించండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో పలచటి క్రోమ్ తొందరగా పొక్కుతుంది. అక్కడివాళ్లకు పౌడర్ కోటింగ్ మేలు.

ఆటోనగర్‌లో లేత్ మీద చేయించుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. స్పేసర్, బుష్ లాంటివి అక్కడ చక్కగా చేస్తారు, ఆ చేతిపని మీద నాకు గౌరవం ఉంది. బ్రేక్ పెడల్‌ను కోసి వెల్డింగ్‌తో పొడవు చేయించడం మాత్రం వద్దు.

తగిలేవి, గీసుకునేవి

కుడివైపు సైలెన్సర్ బెండ్ పైపు, ముందు టైరు, లెగ్ గార్డు, సైడ్ స్టాండ్. ఈ నాలుగింటికీ దూరం చూడాలి. హ్యాండిల్ పూర్తిగా తిప్పి, ముందు ఫోర్కులను కిందికి నొక్కి పట్టుకుని టైరుకూ బూటు ముందు భాగానికీ మధ్య ఖాళీ చూడండి. వేడి బెండ్ పైపుకు బూటు ఆనే కిట్ అయితే ప్రయాణం నరకమే.

ఫుట్‌రెస్ట్ పైకి, వెనక్కి మడుచుకునేదే అయి ఉండాలి. శ్రీశైలం ఘాట్‌లోనో అరకు దారిలోనో మలుపులో బండి వాల్చినప్పుడు మొదట నేలను గీసేది అదే. మడవని ఫుట్‌రెస్ట్ నేలకు తగిలితే వెనక చక్రాన్ని పైకి లేపేస్తుంది. పాత ఫుట్‌రెస్ట్ ఎత్తు రాసుకున్నారు కదా, కొత్తది దానికంటే కిందికి దిగకుండా చూసుకోండి.

చట్టం

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీకి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ కింద, అనుమతి లేని మార్పుకు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. అందువల్ల ఫ్రేమ్‌కు రంధ్రం చేయాల్సిన, కోయాల్సిన, వెల్డింగ్ పెట్టాల్సిన కిట్ల జోలికి పోవద్దు. కంపెనీ యాక్సెసరీగా దొరికితే అదే తీసుకోండి. బయటిదైతే, వేయించకముందే ఆర్టీవో కార్యాలయంలో, ఇన్సూరెన్స్ కంపెనీలో అడిగి జవాబు రాతలో ఉంచుకోండి. వెనక కూర్చునేవారి ఫుట్‌రెస్టులు, పట్టుకునే హ్యాండిల్, చీర గార్డు నియమం ప్రకారం ఉండాల్సినవి. కిట్ కోసం వాటిని తీసేయవద్దు.

బిగించే రోజు

విప్పకముందు రెండు వైపులా ఫొటోలు తీయండి. పెడల్ ఎత్తు, లీవర్ ఎత్తు కొలిచి రాయండి. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు విప్పండి, అప్పుడు పోల్చుకోవడానికి ఒకటి ఎప్పుడూ ఉంటుంది. మొదట అన్నీ చేత్తో వదులుగా తగిలించి, బండి మీద కూర్చుని, అంతా సరిపోయాకే బిగించండి. బోల్టు మరలను శుభ్రం చేసి నీలం రంగు థ్రెడ్ లాకర్ (మర వదులు కాకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేసి, మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) టార్క్ రెంచ్‌తోనే బిగించండి. నైలాన్ లాక్ నట్లు, స్ప్లిట్ పిన్నులు పాతవి మళ్లీ వాడొద్దు.

అన్నిటికంటే శ్రద్ధగా చూడాల్సింది పెడల్ ఫ్రీ ప్లే, అంటే బ్రేక్ పట్టకముందు పెడల్ ఖాళీగా కదిలే కాస్త దూరం. రాడ్డు కొంచెం పొడవుగా సర్దితే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు. అప్పుడు మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ రిజర్వాయర్‌లోకి తిరిగి వెళ్లే సన్నని రంధ్రం మూసుకుపోతుంది. బండి నడుస్తూ వేడెక్కేకొద్దీ ఆయిల్ వ్యాకోచించి, ఎవరూ నొక్కకుండానే బ్రేక్ పట్టుకుంటుంది. దీన్ని కనిపెట్టడానికి వెనక చక్రం ఎత్తి తిప్పండి, బ్రేక్ నొక్కి వదలండి, చక్రం వెంటనే తేలిగ్గా తిరగాలి. తర్వాత బ్రేక్ పెద్దగా వాడకుండా నాలుగైదు కిలోమీటర్లు వెళ్లొచ్చి డిస్క్ దగ్గర చేయి పెట్టి చూడండి, తాకవద్దు. సెగ కొడుతుంటే రాడ్డును కొంచెం తగ్గించాల్సిందే.

మొదటి పరీక్ష ఖాళీ మైదానంలో చేయండి. గంటకు 20 కి.మీ. దగ్గర, తర్వాత 40 దగ్గర గట్టిగా బ్రేక్ వేసి చూడండి. ఎనిమిది ఆకారంలో రెండు వైపులా తిప్పండి. కాలు పాత చోటనే బ్రేక్ కోసం వెతుకుతుంది, ఆ అలవాటు పోయేదాకా ట్రాఫిక్‌లోకి వెళ్లకండి. గేరు మార్చడం, సైడ్ స్టాండ్ తీయడం కూడా అక్కడే చేతికీ కాలికీ అలవాటు కావాలి. వెనక మనిషిని ఎక్కించుకునేది ఆ తర్వాతే.

100 కిలోమీటర్లకు ఒకసారి, 500కు ఒకసారి అన్ని బోల్టులనూ టార్క్ రెంచ్‌తో చూడండి. బోల్టు తల మీదుగా బ్రాకెట్ మీదికి పెయింట్‌తో ఒక గీత పెడితే, వదులైందో లేదో రోజూ కంటితోనే తెలుస్తుంది. విప్పిన పాత సామాన్లన్నీ చిన్న సంచుల్లో కట్టి, ఏది ఏ వైపుదో రాసి దాచుకోండి. బండి అమ్మేటప్పుడు, ఫిట్‌నెస్‌కు వెళ్లేటప్పుడు అవి కావాలి.